పూత రోజుల్లో పొక్లెయిన్

లారీకి అడ్డంగా నిలబడి ఉంది పెరీనా. చేతిలో తీగలు కోసే కత్తెర. ఎనిమిది మంది టూరిస్టులను వెంటబెట్టుకుని సరిగ్గా అప్పుడే నేను ఆ తోట గట్టెక్కాను. నా జాతకం అలాంటిది.

"పోనివ్వమనండి బాబాయ్! నా మీదనుంచే పోనివ్వమనండి డ్రైవర్ని!"

మా యెర్కో బాబాయ్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "అమ్మాయ్, తీగలు నావి, నేల నాది. నా జాగాలో నేను కార్ల పార్కింగ్ చేసుకుంటుంటే మధ్యలో నీకేంటమ్మా?"

పక్కన పొక్లెయిన్ ఇంకా గుర్రుమంటోంది. గట్టు వెంట ఉండాల్సిన మూడు వరసల నల్లద్రాక్ష వేళ్ళతో సహా లేచిపోయి కుప్పగా పడి ఉంది. కొమ్మ కొమ్మకీ పూత.

టూరిస్టులని గట్టు మీదే ఆపేశాను.

పెరీనా తోటంతా గర్క్. మా లుంబార్డా ఊరి ఇసుక నేలల్లో పండే తెల్లద్రాక్ష. దాని పువ్వుకి సొంత పుప్పొడి పనికిరాదు. పక్కన నల్లద్రాక్ష పూసి, ఆ పుప్పొడి గాలికి ఎగిరొచ్చి పడితేనే కాయ నిలుస్తుంది. మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతే ఇది. ఏడాదికి ఓ పది రోజులే ఆ పూత. ఆ పది రోజుల్లో మూడోది ఇవాళ.

"నాకేంటా?" పెరీనా కత్తెరతో ఆ కుప్ప వైపు చూపించింది. "పోయినేడు పూత వానకి పోయింది. ఈ ఏడు కూడా కాయ నిలవకపోతే తోటని క్యాంపింగ్ వాళ్ళకి ఇచ్చేస్తానని మా అన్నయ్య ఖరాఖండిగా చెప్పేశాడు. నాన్న వేసిన తోట బాబాయ్. గుడారాలు వేస్తారు ఇందులో. పూత అయ్యాక పీక్కుంటే మీ సొమ్మేం పోయేది?"

బాబాయ్ తెల్లబోయాడు. "అదేంటి, ఫ్రానో నీతో మాట్లాడానన్నాడే! నీకేం అభ్యంతరం లేదట, ఇంకో పక్క నల్లద్రాక్ష వేసుకున్నావట..."

పెరీనా మెల్లగా నా వైపు తిరిగింది. పడవ నడుపుతూ సముద్రం మీద ఎన్నో తుఫాన్లు చూశాను. ఏ తుఫానూ నన్ను అలా చూడలేదు.

"ఎప్పుడు మాట్లాడావు?"

"జనవరిలోనమ్మా" అన్నాడు బాబాయ్.

"మిమ్మల్ని కాదు బాబాయ్. వాణ్ణి అడుగుతున్నా."

జనవరిలో పేకాట మధ్యలో బాబాయ్ అడిగాడు, తీగలు పీకించే సంగతి పెరీనాతో చెప్పావా అని. చేతిలో మంచి ముక్కలున్నాయి. చెప్పానులే, తనకేం అభ్యంతరం లేదట, ఇంకో పక్క నల్లద్రాక్ష వేసుకుందట అనేశాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు వెళ్తే నవ్వుతూ కాఫీ ఇచ్చింది. ఆ నవ్వు ముందు నోరు పెగల్లేదు. ఆ తర్వాతి రోజూ అంతే.

"ఐదు నెలలు!" అంది. "ఐదు నెలలు నా గుమ్మంలో కూర్చుని కాఫీ తాగావు. టూరిస్టులకి నా వైన్ గురించి కోతలు కోశావు. ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా?"

"చెబుదామనే..."

"సిగ్గు లేదూ!"

టూరిస్టుల్లోంచి పావ్లా అనే చెక్ దేశపు ఆవిడ ముందుకొచ్చింది. బళ్ళో డ్రిల్ టీచరుగా రిటైరైన మనిషి, నిలువెత్తు విగ్రహం. పొద్దున్న వీళ్ళని సముద్రంలోని నీలి గుహకి తీసుకెళ్తూ దారిలోనే పడవ వెనక్కి తిప్పాను. దక్షిణం నుంచి వాన తెచ్చే యూగో గాలి లేచింది, అలలకి గుహ మూసేశామని రేడియోలో చెప్పారు. ఏడుపు మొహాలు పెట్టిన వాళ్ళని బుజ్జగించడానికి పెరీనా దగ్గర వైన్ తాగిస్తానని తీసుకొచ్చాను.

"గుహ లేదన్నావు, వైన్ ఉందన్నావు" అంది పావ్లా. "ఇక్కడ చూస్తే తగువు ఉంది. ఏం జరుగుతోందో చెప్తావా లేదా?"

చెప్పాను. నా అబద్ధంతో సహా. చెబుతున్నంతసేపూ చెవులు కాలిపోయాయి.

పెరీనా వినడం లేదు. కుప్పలోంచి ఓ కొమ్మ లాగి, పూత మీద వేలు రాసి చూసుకుంది. వేలికి పసుపు పొడి అంటింది.

"వాన ఎప్పుడు?" అంది, నా మొహం చూడకుండానే.

"రెండింటికల్లా."

గడియారం చూసుకుంది. పది దాటింది. "వానలు పడ్డ ఏళ్ళలో మా తాత నల్లద్రాక్ష పూత కొమ్మలు కోసి చేత్తో దులిపేవాడు. గుత్తి గుత్తికీ."

"నలభై వరసలు పెరీనా! ఒక్కదానివి ఎలా..."

"నిన్ను సలహా అడిగానా?"

పావ్లా స్వెటర్ విప్పి గట్టు మీద పడేసింది. "వరసకి ఒకరం. కొమ్మలు కోసేది ఎవరు? కదలండి!"

డ్రిల్ మొదలైంది. ఎనిమిది మంది టూరిస్టులు, పెరీనా, నేను. నల్లద్రాక్ష కొమ్మ పట్టుకుని తెల్లద్రాక్ష గుత్తి మీద మెల్లగా తట్టాలి. గట్టిగా తడితే పువ్వు రాలిపోతుంది, మెల్లగా తడితే పుప్పొడి రాలదు.

"పిల్లాణ్ణి నిద్రపుచ్చినట్టు తట్టండి!" అని అరుస్తోంది పెరీనా. "ఫ్రానో, అది గుత్తి! పడవ ఇంజను కాదు!"

తిట్టినా సరే, పేరు పెట్టి పిలిచింది కదా అనుకున్నాను. అంత దిక్కుమాలిన ఆశ నాది.

ఇంకో గంటకి చూస్తే బాబాయ్ లారీనీ పొక్లెయిన్‌నీ పంపించేసి, పదకొండో వరసలో గొణుక్కుంటూ కొమ్మ తడుతున్నాడు. "వీడి మాట నమ్మినందుకు నన్ను నేను తన్నుకోవాలి... ఏరా, పెళ్ళాం లేదు గానీ అబద్ధాలు మాత్రం మొగుడి లెవెల్లో ఆడతావు."

ఒంటిగంటకే ఎదురుగా పెల్యెషాట్స్ కొండ కనబడకుండా పోయింది. గాలి జోరందుకుంది. ముప్పై వరసలు. ముప్పై మూడు. చేతులు పడిపోతున్నాయి. ముప్పై ఆరో వరస చివర పెరీనా, నేను ఎదురెదురుగా వచ్చాం. తల నిండా పసుపు పొడి, చెంపల మీద మట్టి చారలు. చచ్చేంత అందంగా ఉంది. అప్పుడే మొదటి చినుకు ఆమె ముక్కు మీద పడింది.

మరుక్షణం కుండపోత. టూరిస్టులు షెడ్డులోకి పరుగెత్తారు. పెరీనా మాత్రం కదల్లేదు. మిగిలిన నాలుగు వరసల వైపు చూస్తూ తడుస్తోంది.

"పెరీనా, నేను పిరికివాణ్ణి" అన్నాను. "చెబితే నీ గుమ్మం ఎక్కనివ్వవని భయపడ్డాను. నువ్వంటే నాకు ప్రాణం. అది కూడా ఐదు నెలలుగా చెప్పలేదు."

వానలో కన్నీళ్ళేవో నీళ్ళేవో తెలియలేదు. "ఇప్పుడా చెప్పేది?" అంది. "విను ఫ్రానో. నువ్వంటే నాకు ఇష్టం లేదని అబద్ధం ఆడలేను. కానీ ఈ తోట పోతే నీ మొహం చూసినప్పుడల్లా నాకు ఈ కుప్పే గుర్తొస్తుంది. అలాంటి మొహం ఎదురుగా పెట్టుకుని నేను బతకలేను. కాయ నిలిచిందో లేదో తెలిసేదాకా ఇటు రాకు."

నేను అటు వెళ్ళలేదు. మూడు రోజులు వాన కురిసింది. నాలుగో రోజు ఎండ కాసింది. గుహ తెరిచారు. జనం ఆ నీలం వెలుగు చూసి అబ్బురపడి కేకలేస్తుంటే నేను వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాను. తిండి సయించలేదు. పదకొండు రోజుల్లో నేను ఆమె తోట వైపు తల కూడా తిప్పలేదు, ఎండిన గుత్తులు కనబడతాయేమోనని భయం.

పన్నెండో రోజు పొద్దున్న టూరిస్టులను ఎక్కించుకుని తాడు విప్పుతుంటే రేవులో అడుగుల చప్పుడైంది. పెరీనా! పరుగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది. మొహం చూస్తే ఏమీ తెలియడం లేదు.

"చెప్పు" అన్నాను. "ఏదైనా సరే."

పిడికిలి విప్పింది. అరచేతిలో చిన్న గుత్తి. మిరియాలంత పచ్చటి కాయలు, దగ్గర దగ్గరగా.

"చివరి నాలుగు వరసలూ పోయాయి" అంది. "మిగతావన్నీ నిలిచాయి. ముప్పై ఆరూ."

పడవలోంచి రేవు మీదికి ఎలా దూకానో నాకే తెలియదు. టూరిస్టులు ఏదో అడుగుతున్నారు. ఆగమని చెయ్యి చూపించాను.

"బాబాయ్ పార్కింగ్ మానేశాడట" అంది పెరీనా. "చలికాలంలో మళ్ళీ నల్లద్రాక్ష నాటిస్తానన్నాడు. అది పూతకి రావాలంటే మూడేళ్ళు పడుతుంది. అందాకా ఏటా వేరే తోటల నుంచి కొమ్మలు అడిగి తెచ్చుకోవాలి, చేత్తో దులుపుకోవాలి."

"ఏటా వస్తాను. గుహ ట్రిప్పులు మానుకునైనా వస్తాను."

"అన్నయ్యకి ఫోన్ చేశాను, తోట ఇవ్వనని చెప్పేశాను." చూపు తిప్పేసుకుంది. "ఇంకో మాట కూడా చెప్పాను."

"ఏమని?"

"ఆ తీగలు పోయేలా చేసిన దద్దమ్మనే చేసుకుంటానని."

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. కాసేపటికి గానీ భయం గుర్తు రాలేదు. "మీ అన్నయ్య ఏమన్నాడు?"

"ఒక్క మాట చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఆదివారం మొదటి ఫెర్రీకి దిగుతున్నాడట." నా చొక్కా కాలర్ సరిచేసింది. "ఆ రోజు పడవ తియ్యకు. ఇద్దరం కలిసే వెళ్ళి అంతా చెబుదాం, ఒక్క ముక్క దాచకుండా."