ఆ ఒక్క అరుపు బాగుంది

అద్దాలమ్మాయి పెట్టిన అరుపుకి, కింద పుస్తకాల షాపులో బిల్లు కొడుతున్న ఓనరుగారి చేతిలోంచి కాఫీ కప్పు జారిపోయింది. మేడ మీద చదువరుల క్లబ్బులో కూర్చున్న లెక్కల మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. అరుపుకి కారణమైన కుర్రాడైతే మెట్టు తప్పి, రెయిలింగు పట్టుకుని వేలాడుతున్నాడు.

"ఏంటది? నా భుజం మీద పాకిందేంటి?"

"మైకండీ! మైకు!"

"మైకుకి బొచ్చుంటుందా?"

"గాలి శబ్దం పడకుండా వేసే తొడుగండీ. చూడండి, ఏమీ కరవదు."

చూసింది. కర్ర చివర బూడిద రంగు బొచ్చుతో నిజంగానే ఏదో జంతువు నిద్రపోతున్నట్టుంది. ఆ కుర్రాడు సినిమాలకి శబ్దాలు తయారుచేసే స్టూడియోలో పనిచేస్తాడు. పాత చెక్కమెట్లు కిర్రుమంటుంటే రికార్డు చేసుకుందామని చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని మెట్లెక్కుతున్నాడు. ఆమె అదే మెట్ల మీద ముడుచుకుని కూర్చుని 'గోడవతల దగ్గు' చివరి అధ్యాయం చదువుతోంది.

ఆ రోజుల్లో ఆ నవల చదవనివాళ్లు లేరు. ఖాళీగా ఉన్న పక్క వాటాలోంచి రోజూ ఎవరో దగ్గుతుంటారు. చివరి అధ్యాయంలో ఆ దగ్గు గోడకి ఇవతల, కథానాయిక మంచం పక్కనే వినిపిస్తుంది. సరిగ్గా ఆ వాక్యం దగ్గరే బొచ్చు మైకు వచ్చి ఆమె భుజానికి తగిలింది.

"కళ్లు మూసుకుని మెట్లెక్కుతారా ఎవరైనా?"

"చెవులతో పనిచేసేటప్పుడు కళ్లు అడ్డమండీ."

"అలాగా! రేపు మా కళ్లజోళ్ల షాపుకి రండి. అసలు కళ్లున్నాయో లేదో పరీక్ష చేసి చెప్తాను."

మాటవరసకి అన్న మాట. అతను నిజంగానే వెళ్లాడు. చీకటి గదిలో ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి ఆమె అద్దాలు మార్చుతూ పోయింది.

"ఎదురుగా అక్షరాలు చదవండి."

అతను చదవలేదు.

"కనబడట్లేదా?"

"బాగా కనబడుతున్నారండీ."

"అక్షరాలు గోడ మీదున్నాయి," అంది అద్దాలమ్మాయి. చీకటి కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆమె నవ్వు దొరికిపోయేదే.

ఆ వారమే అతను క్లబ్బులో చేరాడు. అందరూ 'మైకు' అని పిలవడం మొదలుపెట్టారు. ఆదివారాల్లో కూడే ఆ క్లబ్బులో చదివేవన్నీ భయపెట్టే నవలలే. నవల పూర్తిగా చదవాలి, దాని మీద సినిమా వస్తే అందరూ కలిసి చూడాలి, చూశాక మొహమాటం లేకుండా అభిప్రాయం చెప్పాలి. మొహమాటం లేకపోవడంలో అద్దాలమ్మాయిని మించినవాళ్లు లేరు. చేరిన దగ్గర్నుంచీ ఆమె ఒక్క సినిమాని కూడా బాగుందన్న పాపాన పోలేదు.

"'గోడవతల దగ్గు' సినిమా తీస్తున్నారటగా! అందులో దయ్యం కనబడకూడదు. దగ్గు ఒక్కటే వినబడాలి," అని ముందే తీర్పిచ్చేసింది.

"దగ్గు ఒక్కటే వినిపిస్తే జనం దగ్గుమందు యాడ్ అనుకుంటారండీ," అన్నాడు మైకు. ఆ సినిమాకి శబ్దాలు చేసేది వాళ్ల స్టూడియోనే.

"దగ్గుతో భయపెట్టడం చేతకానివాళ్లు సినిమా ఎందుకు తీయాలి?"

ఇలా వాదించుకుంటూ ఇద్దరూ మెట్లు దిగేవాళ్లు. వాదన తేలక బస్టాపు దాకా నడిచేవాళ్లు. వాన పడితే వాదన కాస్త పొడుగయ్యేది. ఆమె లేని ఆదివారం తనకి ఎందుకూ కొరగాదని మైకుకి బాగానే అర్థమైంది. చెప్పడానికే ధైర్యం చాల్లేదు.

సినిమా విడుదలైంది. క్లబ్బంతా మ్యాట్నీకి వెళ్లింది. చివర్లో దగ్గు గోడకి ఇవతలికి వచ్చింది. తెర మీద కథానాయిక నోరు తెరిచింది. హాలంతా అదిరేలా అరుపు.

ఆ అరుపు మైకుకి తెలుసు. మెట్ల మీద రికార్డయిన అరుపే! ఆ రోజు శబ్దాలన్నీ ఏరకుండా, తీసెయ్యకుండా అలాగే స్టూడియోలో పడేశాడు. అందులోంచి ఆ స్టూడియో నడిపే గురువుగారు దీన్ని పట్టుకుని తగిలించేశారన్నమాట. మెల్లిగా పక్కకి తిరిగి చూశాడు. అద్దాలమ్మాయి అది తన గొంతని పోల్చుకోలేదు, కళ్లార్పకుండా తెర చూస్తోంది.

బయట వాన. కాఫీ కౌంటర్ దగ్గరే అభిప్రాయాలు మొదలయ్యాయి.

"ఆ దయ్యం పళ్లు చూశారా?" అన్నాడు క్లబ్బులోని పళ్ల డాక్టరు, కోపం పట్టలేక. "పైన కోరలు, కింద మామూలు వరస. అలా ఉంటే నోరే మూతపడదు. ఇక దగ్గేదేంటి!"

"నవల చదివి నెల్లాళ్లు లైటేసుకుని పడుకున్నాను," అన్నారు లెక్కల మాస్టారు. "సినిమాలో మాత్రం హాయిగా నిద్రపట్టింది."

అందరూ అద్దాలమ్మాయి వైపు తిరిగారు.

"చెత్త," అంది. "కానీ చివర్లో ఆ ఒక్క అరుపు బాగుంది. ఎవరరిచారో గానీ ఆవిడ నవల చదివింది. చదివితే తప్ప అలా అరవలేరు. అంత నిజమైన అరుపు నేను ఏ సినిమాలోనూ వినలేదు."

అందరూ నోళ్లు తెరిచారు. అద్దాలమ్మాయి నోట మెచ్చుకోలా! నిజం చెప్పేద్దామని మైకు కూడా నోరు తెరిచాడు. కానీ చెప్తే ఏమంటుందో, ఇక మాట్లాడదేమో అనుకుంటూ చల్లారిన కాఫీ గటగటా తాగేశాడు.

తర్వాతి ఆదివారం ఆమె ఆ అరుపు వినిపించడానికి వాళ్లమ్మని తీసుకొచ్చింది. క్లబ్బువాళ్లు కూడా వెంట వచ్చారు. సరిగ్గా ఆ సీన్లో అమ్మగారు దిగ్గున లేచి నిలబడ్డారు.

"ఒసేయ్! ఇది నువ్వే కదే! బాత్రూంలో బొద్దింక కనబడితే పెట్టే అరుపు ఇదే! ఎప్పుడు పాడావే సినిమాలో?"

"కూర్చోండమ్మా," అన్నారు వెనకవాళ్లు.

"మీరాగండి! నా కూతురి గొంతు నాకు తెలీదా?"

పళ్ల డాక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అంటే పోయిన వారమంతా సొంత డబ్బా కొట్టుకున్నారన్నమాట!"

అద్దాలమ్మాయి నెమ్మదిగా మైకు వైపు తిరిగింది.

"మెట్ల మీద అరుపా?"

"అవునండీ. సినిమాలో పెట్టారని నాకూ తెలీదు. పోయిన వారం ఇక్కడే విన్నాను."

"విని కూడా, నేను అంతలా పొగుడుతుంటే పక్కనే నిలబడి కాఫీ తాగారా?"

ఆమె అమ్మ చెయ్యి పట్టుకుని, సినిమా అవకముందే వెళ్లిపోయింది.

మర్నాడు షాపుకి పరిగెత్తాడు. ఆమె ఎవరికో ఫ్రేము సరిచేస్తూ తలెత్తలేదు.

"నన్నడక్కుండా నా గొంతు తీసుకున్నారు. క్లబ్బులో నా మాటకి విలువ లేకుండా పోయింది. ఆ అరుపు తీసేయించండి. అప్పటిదాకా నాకు కనబడకండి."

మైకు తిన్నగా గురువుగారి దగ్గరికి వెళ్లాడు. జనం ఇళ్లలో చూసే వెర్షన్ ఇంకా పంపలేదు, అందులోనైనా మార్చమని బతిమాలాడు.

"అది తీసేస్తే ఆ సినిమాలో ఏం మిగుల్తుందిరా?" అన్నారు గురువుగారు.

"తీయకపోతే నాకేమీ మిగలదు గురువుగారూ."

"సరే. డబ్బింగ్ ఆర్టిస్టుతో కొత్తది చేయిద్దాం. కానీ అడక్కుండా పెట్టిన తప్పు నాది. ఆ అమ్మాయిని రమ్మను, తనే విని సరేనంటే మారుద్దాం."

కబురందుకుని ఆమె స్టూడియోకి వచ్చింది, మైకు కోసం కాదన్నట్టు అటు తిరిగి కూర్చుంది. తోడు అమ్మగారు. గురువుగారు ముందు కొత్త అరుపు వేశారు. శుభ్రంగా, అందంగా, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ తీసుకుని అరిచిన అరుపు. తర్వాత పాతది వేశారు.

అద్దాలమ్మాయి ఉలిక్కిపడింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"ఇంకోసారి వేయండి," అంది. రెండూ మళ్లీ వింది.

"పాతదే ఉంచండి."

మైకు అదిరిపడ్డాడు. అమ్మగారు అంతకన్నా అదిరిపడ్డారు. "అందరూ నవ్వుతారే!"

"నవ్వనీ అమ్మా. బాగున్నదాన్ని, నాది అయినంత మాత్రాన బాగోలేదని ఎలా అంటాను? వచ్చే ఆదివారం క్లబ్బులో ఇదే చెప్తాను. ఆ ఒక్క అరుపు బాగుంది, అది నాదే." మైకు వైపు తిరిగింది. ఆ కళ్లు ఇంకా మండుతూనే ఉన్నాయి. "మీ దగ్గర ఇంకేమైనా దాచారా?"

అబద్ధమాడటానికి మైకుకి ఇక ఓపిక లేదు.

"ఒకటుందండీ. మీరంటే నాకిష్టం. అక్షరాలు చదవమంటే మిమ్మల్ని చూశాను చూడండి, అప్పట్నుంచీ. మీరు మాట్లాడని ఈ వారం నాకు ఏ శబ్దమూ వినబుద్ధి కాలేదు."

మీటల మీద గురువుగారి చెయ్యి ఆగిపోయింది. దయ్యాల మీద, దర్శకుల మీద, లోకంలో ప్రతిదాని మీదా అభిప్రాయం ఉన్న అద్దాలమ్మాయికి నోట మాట రాలేదు. ఆ మౌనం చూసి అమ్మగారికి కంగారు పుట్టింది.

"చూడు బాబూ, మా అమ్మాయి కాస్త..."

"అమ్మా, నువ్వుండు. నేను చెప్తాను." లేచి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "ఆ రోజు మిమ్మల్ని తిట్టి పంపాక ఇద్దరికి తప్పు పవర్ అద్దాలు రాసిచ్చాను. మళ్లీ ఫోన్ చేసి, సారీ చెప్పి, పిలిచి సరిచేశాను. ఇన్నేళ్లలో నేనెప్పుడూ అలా చెయ్యలేదు. ఎందుకు చేశానో వారం నుంచీ నాకు తెలుస్తూనే ఉంది, ఒప్పుకోబుద్ధి కాలేదు." ఒక్క అడుగు ముందుకేసింది. "నాకూ మీరంటే ఇష్టమే."

మైకు కదల్లేదు. ఎంత చిన్న శబ్దాన్నైనా పట్టే ఆ చెవులు విన్నది నమ్మడానికి సిద్ధంగా లేవు. అమ్మగారే ముందు తేరుకుని, అతని భుజం మీద ఒక్కటి చరిచారు.

"అలా నిలబడతావేంటయ్యా? దాని నోట ఇష్టమనే మాట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. వెళ్లి చెయ్యి పట్టుకో!"