మూలగదిలో ప్రింటరు

ఆ షెడ్డులోని మూలగదికి ప్రింటరు రాకముందే చెడ్డపేరుంది.

పూర్వం అక్కడ ఇద్దరు వాటాదారులు తాళాలు చేసేవాళ్ళట. ఒకనాడు మాటా మాటా పెరిగి ఒకడు రెండోవాడి తల పగలగొట్టాడు. ప్రాణం పోయినా ఆపలేదంటారు... చెయ్యి నొప్పెట్టేదాకా కొడుతూనే ఉన్నాడంటారు. అప్పట్నించీ రాత్రిళ్ళు ఆ గదిలో ధన్... ధన్... మని చప్పుడు. విన్నామన్నవాళ్ళు బోలెడుమంది. తలుపు తీసి చూశామన్నవాళ్ళు మాత్రం లేరు.

అలాంటి గదిలో ప్రింటరు ఎందుకు పెట్టారంటారా? దుమ్ము వల్ల.

ఆ షెడ్డు నలుగురూ కలిసి నడుపుకునే వర్క్‌షాపు. బొమ్మలు చేసే వడ్రంగి, సబ్బులు చేసే ఆవిడ, పుస్తకాలు కుట్టే బైండింగక్క, బోర్డులు రాసే పెయింటరు... అందరూ ఒకే కప్పు కింద. అందరికీ కలిపి ఒక ప్రింటరు కొందామనుకున్నప్పుడే గొడవ మొదలైంది. పొడితో నడిచేదైతే నెల్లాళ్ళు ముట్టుకోకపోయినా పాడవదు, కానీ దళసరి అట్ట దూరదు, రంగులు అంతంతమాత్రం. ఇంకుతో నడిచేదైతే రంగులు కళ్ళకి కడతాయి, కానీ రోజూ ఒక కాగితమైనా తియ్యకపోతే ఇంకు ఎండి సూదిమొనంత రంధ్రాలన్నీ మూసుకుపోతాయి.

"ఇంకుదే తీసుకుందాం. రోజూ దాని బాగోగులు నేను చూసుకుంటా," అంది బైండింగక్క.

"రంగులు కావాలంటే నేను చచ్చానా?" అన్నాడు పెయింటరు.

"నువ్వు బోర్డు రాసి తెచ్చేసరికి ఆ కొట్టే ఎత్తేస్తున్నారు కదయ్యా!" అన్నాడు వడ్రంగి నవ్వుతూ.

ఆ నవ్వు పూర్తి కాలేదు. పెయింటరు చేతిలోని రంగుడబ్బా వడ్రంగి మొహాన పడింది. ముక్కు చితికింది. నెత్తురేదో ఎర్రరంగేదో తెలీకుండా ఇద్దరూ నేల మీద దొర్లారు. బైండింగక్క మధ్యలో దూరి పెయింటరు జుట్టు పట్టుకుని లాగింది. ఆమె లాగింది కాబట్టి లేచాడు... ఇంకొకరైతే వాళ్ళనీ కొట్టేవాడే. అతను ఆమెకి స్వయానా మరిది. ఆమె చేతి అన్నం తిని పెరిగినవాడు. భర్త పోయాక ఆ ఇంటికి మగదిక్కు అతనే.

ఆ తర్వాత అతను మాట్లాడటం మానేశాడు. పని వస్తే చేసేవాడు, లేకపోతే కుంచెలు కడుక్కుంటూ కూర్చునేవాడు. పని రావడమే తగ్గింది.

చివరికి ఇంకు ప్రింటరే వచ్చింది. వడ్రంగి రంపప్పొట్టు చేరని చోటు మూలగది ఒక్కటే. అక్కడే పెట్టారు. రోజూ పని ముగిశాక బైండింగక్క వెళ్ళి, దుమ్ము తుడిచి, ఒక కాగితం తీసి, ముసుగు కప్పి వచ్చేది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత తన ప్రింటరు విషయంలో నిజం కాకూడదని ఆమె పంతం.

కొన్నాళ్ళకి... పొద్దున్నే వెళితే ముసుగు నేల మీద ఉండేది. కాగితాలు నలిపి పారేసి ఉండేవి. ఒకనాడు మూత విరిగి వేలాడుతోంది.

"తాళాలవాడికి అది అక్కడుండటం ఇష్టం లేదు," అంది సబ్బులావిడ గుసగుసగా. "నేనింక ఆ గడప తొక్కను, అక్కా."

"దెయ్యానికి ప్రింటరుతో ఏం పనే, పిచ్చిదానా?" అని నవ్వేసింది బైండింగక్క. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దెయ్యమైనా సరే, మనిషైనా సరే... అందరి పొట్టా కొట్టేవాణ్ణి పట్టుకోవాలనుకుంది. లేచి, కొంగు దోపుకుని, చెప్పులు కూడా లేకుండా బయల్దేరింది.

షెడ్డు చీకటిగా ఉంది. లోపలికి అడుగు పెట్టిందో లేదో...

ధన్.

వెనక్కి తిరుగుదామా అనుకుంది. కాళ్ళు మాత్రం ముందుకే పోయాయి. తన బల్ల మీద తడిమితే, అట్టలు కోసేటప్పుడు ఆన్చే ఇనప బద్ద దొరికింది. దాన్ని పట్టుకుని మూలగది తలుపు తోసింది.

ధన్... ధన్...

లోపల ఏదో పెళపెళా విరుగుతోంది. పశువు రొప్పినట్టు రొప్పు. ఘాటుగా ఇంకు వాసన.

"ఎవరది?" అందామనుకుంది. అనేలోపే...

రెండు చేతులు ఆమె గొంతు పట్టుకున్నాయి.

మామూలు పట్టు కాదది. బొటనవేళ్ళు రెండూ గొంతుగుంటలో దిగిపోయాయి. పాదాలు నేల మీంచి లేచినట్టయింది. చెవుల్లో ధన్ ధన్ మంటోంది... తన నెత్తురే అలా కొట్టుకుంటోందనుకుంది. కళ్ళలో చీకటి ఇంకా చిక్కబడింది. ఇంట్లో నిద్రపోతున్న పిల్లలు గుర్తొచ్చారు. ఉన్న బలమంతా కూడగట్టి ఇనప బద్ద ఊపి కొట్టింది.

తగిలింది. ఎక్కడో ఎముక ఫట్ మంది. చావుకేక.

గొంతు మీద పట్టు వదిలింది. అయినా ఆమె ఆగలేదు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ... మళ్ళీ... మెత్తగా తగులుతున్నా, తడిగా తగులుతున్నా, చెయ్యి నొప్పెట్టేదాకా కొడుతూనే ఉంది.

"వదినా..."

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

బొడ్లో దోపుకున్న ఫోను తీసి వెలిగించింది. ప్రింటరు తుక్కుతుక్కై ఉంది. ఇంకు తొట్లు పగిలి గదంతా మడుగు. ఆ మడుగులో, చేతిలో సుత్తితో, నెత్తురోడుతూ... మరిది.

"నువ్వా!" అంది. ఎగిరి డొక్కలో ఒక్క తన్ను తన్నింది. "నా గొంతే పిసుకుతావురా? నా చేత్తో పెంచానే నిన్ను!"

"ప్రింటరు పగలగొడదామనే వచ్చా వదినా... రోజూ దాన్నే... నీ గొంతు పట్టుకోలేదు... నువ్వొచ్చావనే తెలీదు..."

"నోర్ముయ్! పైగా అబద్ధాలు!" అని చెంప పగలగొట్టింది. కొట్టి, ఏడ్చింది. ఏడుస్తూనే అతని చెయ్యి భుజాన వేసుకుని లేపింది. విరిగిన భుజం కదిలినప్పుడల్లా అతను పళ్ళు కొరుక్కుంటున్నాడు. వీధి చివర ఆసుపత్రిదాకా అలాగే ఈడ్చుకుపోయింది.

నర్సమ్మ అతన్ని మంచం మీద పడుకోబెట్టి తుడవడం మొదలెట్టింది. నెత్తురు పోయింది. ఇంకు పోలేదు. అరచేతులు, వేళ్ళు, మోచేతులదాకా నల్లగా నిగనిగలాడుతున్నాయి. తుడిచిన దూది తుడిచినట్టే నల్లబడుతోంది. మంచం పట్టె పట్టుకున్నచోటల్లా అయిదు వేళ్ళూ అచ్చు దిగాయి. ఆసరాగా పట్టుకున్న వదిన కొంగు మీదా అవే అచ్చులు.

"ఏమ్మా, నీ మెడకేమైంది?" అంది నర్సమ్మ, దూది కింద పడేసి.

"వీడే... పిసికాడు."

నర్సమ్మ అతని చేతులకేసి చూసింది. ఆమె మెడకేసి చూసింది. నెమ్మదిగా గోడకున్న అద్దం తీసి ఆమె చేతికిచ్చింది.

పది వేళ్ళూ కనిపిస్తున్నాయి మెడ చుట్టూ. కమిలి, నీలంగా, ఒక్కో వేలూ విడివిడిగా.

ఇంకు మాత్రం... ఒక్క చుక్క లేదు.