తొలి పులస, మూడో పరీక్ష

రాజమహేంద్రవరం కాలేజీలో మొదటి ఏడాది సైన్సు చదవడం పల్లంరాజుకి అది మూడో ఏడాది.

గోదావరి మీద రైలు వంతెన ఇంకా పడని రోజులు. అప్పట్లో సైన్సంటే అన్నీ కలిపి ఒకే పుస్తకం, ఒకే మాస్టారు. మొదటి పాఠం నీరు, రెండోది నిప్పు, మూడోది కప్ప, నాలుగోది అయస్కాంతం, అయిదోది మందారపువ్వు, ఆరోది చేప. మొదటిసారి పరీక్షలో అయస్కాంతం గురించి అడిగితే పల్లంరాజు కప్ప గురించి రాసి తప్పాడు. రెండోసారి మోసపోకూడదని గట్టిగా అనుకుని అయస్కాంతం గురించి రాశాడు. ఆ ఏడు కప్పనే అడిగారు.

వాళ్ళది కాకినాడ దగ్గర సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. ఇంకోసారి తప్పితే వచ్చి పడవెక్కమని తండ్రి కబురు పెట్టాడు.

పోతే, రాతపరీక్ష తర్వాత నోటిపరీక్ష ఒకటుంది. మద్రాసు నుంచి దొర వస్తాడు. బల్ల మీద చేపని పెట్టి, లోపల ఏముందో కోసి చెప్పమంటాడు. క్లాసులో చేపని ముట్టుకోగల వాడు పల్లంరాజు ఒక్కడే. అందుకని ఏటా వరదలప్పుడు నాలుగు మైళ్ళు నడిచి, ధవళేశ్వరం ఆనకట్ట కింద రేవుకెళ్ళి పులసని తెచ్చే పని అతని నెత్తిన పడింది. అతనికి ఆ పనంటే ప్రాణం. ఎందుకంటే ఆ రేవులో చేపలమ్మేది లోవమ్మ.

ఆ ఏడూ వెళ్ళాడు. పైన ముసురు, కింద ఎర్రనీళ్ళు.

"పులస కావాలండి," అన్నాడు.

గంప ముందు కూర్చున్న లోవమ్మ తలెత్తలేదు. ఇరవయ్యేళ్ళ పిల్ల. రేవు మొత్తం మీద బేరంలో ఆమెని గెలిచినవాడు లేడు. "పులుసుకా, ఇగురుకా?"

"చదువుకోడానికండి."

"మళ్ళీ వచ్చారేంటండి? నిరుడు చదివిన చేప సరిపోలేదా?"

"చేప బాగానే ఉంది. నేనే బాగా చదవలేదు."

"ముందటేడు చేప గురించీ ఈ మాటే చెప్పారు. పాపం, సముద్రం నుంచి వరదకి ఎదురీదుకుంటూ ఇంత దూరం వస్తుందండి. దాన్ని కోసి, చూసి, పారేస్తారా? ఉప్పూ పులుపూ తగలకుండా చచ్చిపోయిన పులసని నేనెక్కడా చూళ్ళేదు."

"ఇదే ఆఖరండి. ఈసారి బాగా చదివాను. పాసైపోతాను. పై చదువుకి మద్రాసు వెళ్ళిపోతాను."

లోవమ్మ చేతులు ఆగిపోయాయి. తర్వాత లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చి, పక్కన తడి ఆకుల కింద విడిగా దాచిన చేపని తీసింది. వెండిలా మెరుస్తోంది. మూరెడుంది.

"రెండు చేతులూ పట్టండి."

"వెల ఎంతండి?"

"వద్దు."

"కాలేజీ ఇస్తుందండి."

"కాలేజీకి ఇవ్వట్లేదు. మీ చేతికిస్తున్నాను."

పల్లంరాజు కంగారులో ఇంగ్లీషులో, "థాంక్యూ" అన్నాడు.

"ఏం తిట్టారో గాని, గుర్తుపెట్టుకుంటాను," అంది లోవమ్మ.

మర్నాడు పొద్దున్నే క్లాసులో మాస్టారు కుక్కుటేశ్వరరావు పంతులుగారు చేపని బల్ల మీద పెట్టే ప్రయత్నంలో ఉన్నారు. ఆయన పిఠాపురం మనిషి. ఏభై అయిదేళ్ళ వయసు, భార్య పోయి పదేళ్ళు. ముప్పై ఏళ్ళుగా చేప గురించి పాఠం చెబుతున్నారు గానీ ఒక్కనాడూ ముట్టుకున్న పాపాన పోలేదు. ఆరోజు దొర వస్తున్నాడన్న కంగారులో ఉత్తరీయంతో ముక్కు మూసుకుని, రెండో చేత్తో తోక పట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడు తలుపు దగ్గర డప్పు మోగింది.

ముందు ఒక ముసలమ్మ. ఆవిడ చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పసుపు, కుంకుమ, తమలపాకులు. వెనక సగం పల్లె. ఆ వెనక, తల వంచుకుని, లోవమ్మ.

"నేను లోవమ్మ నాయనమ్మనండి, పెద్దింట్లమ్మ అంటారు," అంది ముసలమ్మ. "మా తొలి పులస పుచ్చుకున్న అబ్బాయెవరండి?"

అందరూ చేప వైపు చూశారు. అది పంతులుగారి చేతిలో ఉంది.

పెద్దింట్లమ్మ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసి నిట్టూర్చింది. "వయసు కాస్త ఎక్కువే. సరే, దాని రాత."

"ఏమిటిదంతా?" అన్నారు పంతులుగారు.

"మా పల్లె ఆచారమండి. ఏటా మా ఇంటి వలలో పడ్డ తొలి పులసని అమ్మం. పెళ్ళికెదిగిన పిల్ల దాన్ని ఎవరి చేతిలో పెడితే వాడే అల్లుడు. పొద్దుగూకేలోగా ఆ చేప వండి పెడతాం, వాడు తినాలి. పెద్దలొచ్చేసరికి చేప ఎవరి చేతిలో ఉంటే వాడికే తాంబూలం."

పల్లంరాజు వాళ్ళ సముద్రపు పల్లెలో ఈ ఆచారం లేదు. "ఆ చేప లోవమ్మ నాకిచ్చిందండి. మాస్టారూ, చేప ఇటివ్వండి," అన్నాడు.

"ఎలా ఇస్తానోయ్? దొర గుమ్మంలో ఉన్నాడు. పరీక్షయ్యేదాకా చేప కాలేజీది. అయ్యాక సారాయి సీసాలో పెట్టి దాచాలి."

"అయితే పిల్ల కూడా మీదేనండి," అంది పెద్దింట్లమ్మ.

"నాకు పిల్ల వద్దు. చేప కావాలి."

"రెండూ విడివిడిగా ఇవ్వమండి."

"రామ రామ," అంటూ పంతులుగారు కుర్చీలో కూలబడ్డారు. చేపని మాత్రం వదల్లేదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగం మరి.

పల్లంరాజుకి లెక్క తేలిపోయింది. చేప సీసాలోకెళితే పరీక్ష నిలుస్తుంది, లోవమ్మ పోతుంది. పులుసులోకెళితే లోవమ్మ దక్కుతుంది, పరీక్ష మూడోసారి పోతుంది. "పోతే పోనీ," అన్నాడు పైకే. "మాస్టారూ, నేను తప్పాననే రాసుకోండి. చేపని మాత్రం ఇచ్చెయ్యండి."

అప్పుడు లోవమ్మ తలెత్తింది. "దొర చూడాల్సింది లోపలేముందనే కదండీ?" అంది. "పులుసుకైనా కొయ్యాలి, చదువుకైనా కొయ్యాలి. నేను కోస్తాను, ఈయన చెబుతారు."

పంతులుగారి చేతిలోంచి చేపని అందుకుని, తనతో తెచ్చిన కత్తిపీట బల్ల మీదే వేసుకు కూర్చుంది. దొర నోరు తెరుచుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. లోవమ్మ పొలుసు గీసింది, పల్లంరాజు ఇంగ్లీషులో పొలుసు గురించి చెప్పాడు. ఆమె మొప్పలు ఎత్తి చూపించింది, అతను నీళ్ళలోని గాలి గురించి చెప్పాడు. ఆమె పొట్ట చీల్చింది, గుడ్లుండే జన చూపించింది, గాలితిత్తిని వేలితో నొక్కి చూపించింది. ఆ చేతులు చూస్తుంటే మూడేళ్ళుగా అతని బుర్రలో ముడిపడి ఉన్న పాఠాలన్నీ దేనికవి విడిపోయాయి. ఒక్కసారి కూడా అయస్కాంతం పేరెత్తలేదు.

పెద్దింట్లమ్మ అప్పటికే వరండాలో మూడు ఇటుకలు పేర్చి కుండెక్కించింది. చింతపండు రసం మరుగుతుంటే పంతులుగారు ముక్కు మూసుకునే దగ్గరకొచ్చి, "ఇది నిప్పు. ఇది నీరు. ఇదిగో ఆవిరి. ఉప్పు కరిగిపోయింది చూశారా," అని పిల్లలకి పాఠం మొదలెట్టారు. పుస్తకమంతా ఒక్క కుండలో కనిపించడం ఆయనకీ అదే మొదలు.

చేపముక్కలు కుండలో పడ్డాక ఆ వాసనకి దొర ఆగలేకపోయాడు. జేబులోంచి చెంచా తీసి కుండ మీదికి వంగాడు. ఆ చెంచా జేబులో ఎందుకుందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

"ముందు తిన్నవాడే అల్లుడండి," అంది పెద్దింట్లమ్మ తాపీగా. "దొరైనా సరే."

పల్లంరాజు ఒక్క గెంతు గెంతాడు. మరుగుతున్న కుండలోంచి గరిటెతో ముక్క తీసి నోట్లో కుక్కుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు, చెవుల్లోంచి సెగ. మింగాడు. పల్లె డప్పు కొట్టింది.

దొరకి ఇంకో ప్రశ్న మిగిలింది. ఈ చేప ఏటికి ఎదురీదుతూ ఎందుకొస్తుంది? పల్లంరాజు నోరు తెరిచాడు. కాలిన నాలుక కదల్లేదు. పంతులుగారు ఆ ప్రశ్నని తెలుగులో చెప్పి, దిక్కుతోచక చుట్టూ చూశారు.

"దానికి కావలసింది ఎగువన ఉందండి," అంది లోవమ్మ పల్లంరాజు వంక చూస్తూ. "అందుకని."

పంతులుగారు దాన్ని ఇంగ్లీషులో చెప్పారు. దొర తల ఊపి కాగితం మీద ఇలా రాశాడు: పరీక్షకి పెట్టిన చేపని విద్యార్థి తినేశాడు. పాసు.

నాలుగో రోజుకి నాలుక దారికొచ్చింది. వెంటనే పల్లంరాజు రేవుకి పరిగెత్తాడు. చిన్నగా వాన పడుతోంది. ఇద్దరూ ఒకే తాటాకు గొడుగు కింద నిలబడ్డారు.

"మీ ఆచారం నాకు తెలీదు లోవమ్మా," అన్నాడు. "నువ్వు తెలిసే ఇచ్చావా?"

"తొలి పులస ఏడాదికొక్కటే పడుతుంది. తెలీకుండా ఇస్తానేంటి?"

"మరి ముందే ఇవ్వచ్చు కదా. మూడేళ్ళుగా వస్తూనే ఉన్నాను."

"అప్పుడవసరమేముంది? ఎలాగూ తప్పుతున్నావు, ఎలాగూ మళ్ళీ వస్తున్నావు." లోవమ్మ తల దించుకుంది. "తప్పావని తెలిసిన రెండుసార్లూ అమ్మోరికి కొబ్బరికాయ కొట్టాను."

పల్లంరాజు గొడుగుని ఆమె వైపు వంచాడు. "మరి ఈసారి?"

"ఈసారి బాగా చదివానన్నావుగా," అంది లోవమ్మ. "భయమేసింది."