రాతిలో మిగిలిన ముఖం

రాయికి జ్ఞాపకం ఉంటుందా? ఈ సందేహం నన్ను చాలా ఏళ్లుగా వదల్లేదు. ప్రార్థనలోనూ అడిగాను. 1949లో బ్రెమెన్‌లో మా ఎదురింటి ప్రెస్సు యజమాని ఆల్బిన్ క్రూస్, డిటెక్టివ్ దోర్నౌ దగ్గరికి వెళ్లిన నాటి మాట ఇది.

క్రూస్ బల్లమీద ఒక పోస్టర్ పరిచాడు. ఊరు మళ్లీ కట్టుకుందామని నగరసభ వేయిస్తున్నది. ఇటుకలు పేరుస్తున్న స్త్రీ వెనక, తెల్లటి ఆకాశంలో, బూడిదరంగులో ఒక మగవాడి ముఖం.

“ఇతను మా పనివాడు హాయో. పోయి ఆరేళ్లయింది. ప్రతి కాగితం మీదా వస్తున్నాడండీ. శనివారానికి శుభ్రమైన ప్రతులు ఇవ్వకపోతే ప్రెస్సు మూతే.”

“ఇతని బొమ్మ ముందెప్పుడైనా వేశారా?” అడిగాడు దోర్నౌ.

“యుద్ధంలో. ‘శత్రువు వింటున్నాడు’ అనే పోస్టర్‌లో గూఢచారి ముఖానికి అతన్నే కూర్చోబెట్టాను.”

దోర్నౌ సహాయకుడు విల్కె గొంతు తగ్గించాడు. “దయ్యమంటారా సార్?”

“దయ్యమైతే ఈపాటికి జీతం అడిగేది. పద.”

ఆ ప్రెస్సులో రాతి పలకలమీద బొమ్మ గీసి అచ్చు తీస్తారు. పని అయ్యాక ఇసుకా నీళ్లతో అరగదీసి, అదే రాతిమీద కొత్తది గీస్తారు. అరగదీసేది హాయో భార్య గెజీన.

దోర్నౌ పాత పోస్టర్ తెప్పించి కొత్తదాని పక్కన పెట్టాడు. రాతిమీద ఇనుప కొలబద్ద నిలబెట్టి, కింది సందులోంచి వెలుతురు చూశాడు.

“చెయ్యి అలిసిందా అమ్మా?” అని గెజీనను అడిగాడు.

“ముప్పై ఏళ్లుగా అలవలేదు బాబూ.”

అందరినీ రాయి చుట్టూ నిలబెట్టాడు దోర్నౌ.

“ఇది ఆ యుద్ధం నాటి పోస్టర్ వేసిన రాయే, అప్పటినుంచి ఇప్పుడే అరగదీశారు. సరిగా అరగకపోతే పాత బొమ్మ పైకొస్తుంది విల్కె. కానీ అప్పుడు పాత అక్షరాలూ రావాలి. ఒక్కటీ రాలేదు. అంచులు లోతుగా అరిగాయి, ముఖం దగ్గర రాయి వెంట్రుకవాసి ఎత్తుగా ఉంది. గెజీనమ్మ మాటలు చెరిపి, మనిషిని వదిలేసింది.”

“నామీద కక్షా గెజీనా?” అన్నాడు క్రూస్.

“కక్షయితే రాయే పగలగొట్టేదాన్నయ్యా. బాంబులకి ఇల్లు కాలిపోయింది. ఆయన ఫొటో ఒక్కటీ మిగల్లేదు. నా చేత్తో నేనే ఎలా చెరపను?”

క్రూస్ పాత పోస్టర్‌ను చేతిలోకి తీసుకున్నాడు.

“పోస్టర్ చూసి వీధంతా అతన్ని గూఢచారి అన్నారు. ఎవరో పోలీసులకు రాసిచ్చారు, వాళ్లు పట్టుకెళ్లారు, మళ్లీ తిరిగి రాలేదు. అది నేను కూర్చోబెట్టి గీసిన బొమ్మేనని వెళ్లి చెప్పడానికి నాకు నోరు రాలేదు. బొమ్మకు కూర్చున్నవాడికి మొదటి ప్రతి ఇవ్వడం మా ఆచారం. అదీ ఇవ్వలేదు.”

కోటు విప్పి, తనే సిరా పూశాడు. కొత్త బొమ్మను కాగితంతో మూసి, ముఖం ఒక్కటే అచ్చు తీశాడు. రెండు చేతులా గెజీనకు అందించాడు.

“ఇది హాయోది,” అన్నాడు.

ఆమె దాన్ని ఆరడానికి తీగకు తగిలించి, వచ్చి రాతిమీద ఇసుక చల్లింది.