ఆమె చెప్పిన అంకె

బుధవారం లంచ్ టైమ్‌లో శ్రీవిద్య ఇర్వింగ్‌లోని క్యాన్సర్ క్లినిక్‌కి డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. రక్తం ఇచ్చేసి మూడింటి మీటింగ్‌కి వెళ్లిపోవాలని ఆమె తొందర. రక్తంలో ఐఎల్-సిక్స్ అనే ప్రొటీన్ ఎంతుందో చూస్తారట. ఒంట్లో వాపు, మంట రేగినప్పుడు కణాలు ఒకదానికొకటి పంపుకునే కబురు అది.

"ఏడు లోపుండాలి. ఎక్కువుంటే జబ్బు జోరు మీదుందని అనుమానించాలి. అంతేగానీ అదేం జాతకం కాదు," అని డాక్టర్ తేజేశ్వర్ ముందే చెప్పాడు.

నర్సు ట్యూబు నింపుకుని వెళ్లిందో లేదో, టోర్నడో సుడిగాలి వస్తోందని సైరన్ మోగింది. పేషెంట్లందరినీ కిటికీల్లేని నడవాలో కూర్చోబెట్టారు. కరెంటు పోయింది. మధ్యాహ్నం పూట... కళ్లు పొడుచుకున్నా కనపడని చీకటి. పైకప్పు మీద వడగళ్ల మోత. స్పిరిట్ వాసన. దాని అడుగున ఇంకో వాసన... మూడ్రోజులు జ్వరంతో కాగిన ఒంటిది.

ఎడమ పక్కన కుర్చీ కిర్రుమంది. అటునుంచి పొయ్యి సెగలా వేడి.

"నీది నలభై ఏడు, అమ్మాయ్," ముసలి గొంతు గుసగుసగా అంది. పరాయి దేశంలో, తెలుగులో.

"ఎవరండీ మీరు?"

"నాదీ అంతే వచ్చింది. వినగానే తిండి మానేసి పడుకున్నా... రా. పడుకుంటే మంటే ఉండదు."

మణికట్టు మీద చెయ్యి పడింది. కాలిన పెనంలా ఉంది. శ్రీవిద్య లేవబోయింది. కాళ్లు రాలేదు. ఒళ్లంతా బరువుగా, హాయిగా... కళ్లు మూతలు పడుతున్నాయి...

అప్పుడొచ్చింది కోపం. ఏడు నెలలు వాంతులు చేసుకుంటూ, రాలిన జుట్టు తనే ఊడ్చుకుంటూ దిగమింగిన కోపం.

"నలభై ఏడు కాదు, నాలుగొందలు రానీ! సోమవారం నాకు కీమో ఉంది. నేను రాను. నువ్వే పో!"

పట్టు బిగిసింది. శ్రీవిద్య ఒక్కో వేలూ విరిచినట్టు విడదీసింది. ఒకటి... రెండు... ఐదు.

ఆరోది కూడా.

లైట్లొచ్చాయి. ఎడమ పక్కన గోడ. కుర్చీయే లేదు.

శుక్రవారం రిపోర్టొచ్చింది. నలభై ఏడు. శ్రీవిద్య వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేసింది.

"మందు మారుస్తారో, డోసు పెంచుతారో మీ ఇష్టం. మానేద్దామని మాత్రం నాతో అనకండి."

సోమవారం వెళ్లి కీమో కుర్చీలో దర్జాగా చెయ్యి చాపింది. సూది పెట్టబోయిన నర్సు ఆగింది.

"ఆ రోజు రక్తం రెండుసార్లు ఇచ్చారా?"

"లేదే, ఒక్కసారే."

"ల్యాబ్‌లో మీ పేరుతో రెండు ట్యూబులున్నాయట." నర్సు గొంతు తగ్గించింది. "రెండోది ఐదు రోజులుగా ఫ్రిజ్‌లోనే ఉంది... ఇంకా వేడిగానే ఉందట."