కంప్యూటర్ రూము ముందు చెప్పులు

సదయ్య స్క్రీన్ మీదికి వంగి ఒక లైను దగ్గర ఆగాడు. ఇంకోసారి చదివాడు. అది తను రాసిన లైను కాదు.

"గిది ఎవలు పెట్టిండ్రు?" అన్నాడు పైకే.

జవాబు వెనకనుంచి వచ్చింది, మెడకు నైలాన్ తాడై. ఏసీ చప్పుడులో మిగతా చప్పుళ్లేవీ బయటికి పోలేదు. వట్టి పాదాలు నేలమీద కాసేపు కొట్టుకుని ఆగిపోయాయి. బొగ్గుదుమ్ము కంప్యూటర్‌కు పడదు కాబట్టి ఆ గదిలోకి ఎంతటివాడైనా చెప్పులు బయట విడిచే రావాలి.

మర్నాడు శవం గోదావరి బ్రిడ్జి కింద ఇసుకలో దొరికింది. తాగి పడ్డాడన్నారు. ఊరు అయ్యో అని ఊరుకుంది.

హైదరాబాద్‌లో గూఢచారి విభాగం చీఫ్ మాత్రం ఊరుకోలేదు.

"మల్లన్న ఇంక్లైన్ బొగ్గుగని, గోదావరిఖని" అన్నాడు, ఫ్యాను కింద సిగరెట్ వెలిగించడానికి తంటాలు పడుతూ. "గనిలో విషవాయువు పెరిగితే అలారం మోగించే కంప్యూటర్‌ను అక్కడ పెట్టింది ఆర్వెక్ అనే విదేశీ కంపెనీ. పేరుకే కంపెనీ. నడిపేది స్టైనర్ ముఠా."

"టార్గెట్, సార్?" అడిగాడు ఏజెంట్ మన్సూర్.

"ఒక షిఫ్టు మొత్తం. అంతమంది ఒకేసారి చస్తే గనులు ఆగుతాయి. బొగ్గు ఆగితే పవర్ ప్లాంటు ఆగుతుంది. ఆ తర్వాత సగం దేశానికి చీకటి. ఎప్పుడు, ఎలా అన్నది ఆ కంప్యూటర్ చూసుకునే సదయ్య కనిపెట్టినట్టున్నాడు."

"లోపల మనవాళ్లున్నారా?"

"ఆసియా. ఆర్వెక్ ఇంజనీరు. స్టైనర్‌కూ పనిచేస్తుంది, మనకూ పనిచేస్తుంది."

"అంటే మన మనిషేనా సార్?"

"సగం."

"ఏ సగం?"

"అది తేల్చడానికే నువ్వు వెళుతున్నావు."

మే నెల ఎండ గోదావరిఖనిని మాడ్చేస్తోంది. యూపీఎస్ బ్యాటరీ మెకానిక్ వేషంలో, అతికించిన గడ్డంతో, భుజాన సంచీతో మన్సూర్ గని గేటు దాటాడు. పుట్టి పెరిగిన ఊరే. తండ్రి మహమూద్ ఈ గనుల్లోనే జీవితం అరగదీశాడు. గుర్తుపట్టేవాళ్లు ఎవరూ ఉండరనుకున్నాడు.

షిఫ్టుకు దిగబోతున్న గట్టయ్య లాంప్ రూము దగ్గర అతన్ని ఎగాదిగా చూశాడు. గట్టయ్య ఓవర్‌మాన్. లోపల పనిచేసే అందరికీ అతనే పెద్దదిక్కు. మహమూద్‌కు ప్రాణ స్నేహితుడు.

"గడ్డమైతె అతికిచ్చినవ్ గని, నడక మార్చుడు మర్చిపోయినవ్ బిడ్డా. గది మహమూద్ నడక."

"జర మెల్లగ కాక" అన్నాడు మన్సూర్, చుట్టూ చూస్తూ. గూఢచారి శిక్షణకు అయిన ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

"సదయ్య కోసం వచ్చినవా?"

"తాగి పడ్డడట గద?"

గట్టయ్య మొహం నల్లబడింది. "వాడు సార వాసనకే దూరం ఉంటడు. ఇంకోటి చెప్త విను. శవం కాళ్లకు చెప్పుల్లేవ్. గీ ఎండల, గోదారి ఇసుకల, చెప్పుల్లేకుంట ఎవడన్న పోతడా? పాతయి తెగితె నీలం కరెంటు వైరుతోని కుట్టుకున్నడు. కొత్తయి కొనుక్కో అని పెండ్లాం పూలమ్మ ఎంత మొత్తుకున్నా ఇనలే."

"జాగ్రత్త కాక. లోపల గ్యాసు..."

"గ్యాసా! గీ వారంల రెండుమార్లు అలారం మోగింది. రెండుమార్లు పానం అరచేతుల పెట్టుకోని పైకి ఉరికినం. ఏం లేదు. ఇగ మావోళ్లు ఎవ్వరు నమ్మరు." తల మీది లైటు సర్దుకుని గట్టయ్య ఏటవాలు సొరంగంలోకి దిగిపోయాడు.

ఆ వీపు చూస్తుంటే మన్సూర్‌కు చిన్ననాటి ఇల్లు గుర్తొచ్చింది. ఒక్కోరోజు తండ్రి షిఫ్టు అయిపోకముందే ఇంటికి వచ్చేసేవాడు. తల్లి సర్వరీ బేగం "కౌన్?" అని ఒక్కమాటే అడిగేది. డ్యూటీలో ఒకడు పోయాడంటే ఆ గనిలో ఆ షిఫ్టు పని చెయ్యదు. ఆర్డర్ ఎవరూ ఇవ్వరు, ఎవరూ అడగరు. ఉన్నవాడు ఉన్నట్టే పార పక్కన పెట్టి పైకి వచ్చేస్తాడు. ఆ రోజుల్లో ఇంట్లో పొయ్యి వెలిగించాలంటే కూడా భయమేసేది.

కంప్యూటర్ రూము తలుపు ముందు చెప్పుల వరస ఉంది. మన్సూర్ తన చెప్పులు విడవబోయి ఆగిపోయాడు. గోడవారగా దుమ్ము పట్టిన ఒక పాతజత. ఎడమ చెప్పు పట్టీకి నీలం వైరుతో కుట్టు.

సదయ్య నది దగ్గర చావలేదు. ఈ గదిలోనే చచ్చాడు, డ్యూటీలో. చంపినవాళ్లు శవాన్ని మోసుకుపోయారు గానీ, గుమ్మం ముందు చెప్పుల్ని ఎవరు పట్టించుకుంటారు?

లోపల నీలం షిఫాన్ చీర, ఎర్రటి లిప్‌స్టిక్, వట్టి పాదాలు. ఆసియా వెనక్కి తిరిగింది.

"బ్యాటరీలో నీళ్లు తగ్గాయా మేడమ్?" కోడ్ వాక్యం చెప్పాడు.

"నీళ్లు కాదు, జాగా తగ్గింది." జవాబు సరిపోయింది. "నువ్వు వస్తావని చీఫ్ చెప్పాడు. జాగా నిజంగానే తగ్గింది మన్సూర్. ఇంకాసేపట్లో స్టైనర్ పెట్టిన పెద్ద రిపోర్టు ప్రోగ్రామ్ మొదలవుతుంది, దాన్ని ఆపే పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంది. దానికి మెమరీలో ఒకేచోట పెద్ద ముక్క కావాలి."

"మెమరీ చాలదా?"

"ఖాళీ ఉంది. కానీ ఇక్కడో తునక, అక్కడో తునక. పెద్దపల్లి బస్సు అనుకో. మధ్యమధ్య సీట్లు ఖాళీ. పెళ్లివాళ్లు ఎక్కి మాకందరికీ ఒక్కచోటే కావాలంటారు. మంచి కండక్టర్ ఏం చెబుతాడు?"

"లేవమ్మా, ఎక్కడివాళ్లు అక్కడ సర్దుకోండి అంటాడు."

"కంప్యూటర్‌లో మెమరీ పంచే కెర్నెల్ అంటే ఆ కండక్టరే. పెద్ద ముక్క దొరక్కపోతే 'లేదు' అనాలి. అడిగిన ప్రోగ్రామ్ చిన్న ముక్కలతో సరిపెట్టుకోవాలి. స్టైనర్ ఆ 'లేదు'ను తీయించేశాడు. ఇప్పుడు ఈ కండక్టర్ నిద్రపోతున్న ప్రయాణికుల్ని నడుస్తున్న బస్సులోంచి తోసి సీట్లు ఖాళీ చేస్తాడు. మా సిస్టమ్‌లో అందరికంటే పెద్ద నిద్రపోతు గ్యాస్ అలారం ప్రోగ్రామ్. కాసేపు నిద్రపోతుంది, లేచి గాలి చూస్తుంది, మళ్లీ పడుకుంటుంది. అది చచ్చినా స్క్రీన్ మీద చివరి రీడింగ్ పచ్చగా అలాగే ఉంటుంది."

"తీయించేశాడు అన్నావు. తీసిందెవరు?"

ఆమె తల దించుకుంది. "నేనే. టెస్ట్ కోసం అన్నాడు. ఆ మార్పును సదయ్య పట్టుకున్నాడని స్టైనర్‌కు చెప్పింది కూడా నేనే. చంపుతాడనుకోలేదు."

ప్రింటర్ గర్రుమంది. రిపోర్టు మొదలైంది. స్క్రీన్ మీద అన్నీ పచ్చగా ఉన్నాయి.

"అలారం ప్రోగ్రామ్‌ను లేపు!"

ఆసియా వేళ్లు పరుగెత్తాయి. ప్రోగ్రామ్ లేచింది. గాలి చూసింది. తెరమీద ఒక అంకె ఎర్రగా వెలిగింది. గంట మోగేలోపే రిపోర్టు ఇంకో పెద్ద ముక్క అడిగింది, కెర్నెల్ అలారాన్ని మళ్లీ చంపింది. అంకె పచ్చబడింది.

"కార్బన్ మోనాక్సైడ్" అంది ఆసియా, పాలిపోయి. "తవ్వి వదిలేసిన పాత సొరంగాల్లో బొగ్గు అంటుకుంటే గోడ కట్టి మూసేశారు. ఆ గోడకు స్టైనర్ మనిషి రంధ్రం చేసి ఉంటాడు. దానికి రంగుండదు, వాసనుండదు. పీల్చినవాడు కునుకు తీస్తాడు, ఇక లేవడు."

"సదయ్య కూడా ఆ కుర్చీలోనే కూర్చున్నాడు." గుమ్మంలో స్టైనర్. చేతిలో పిస్టల్, కాళ్లకు మేజోళ్లు. ముఠా నాయకుడైనా రూలు రూలే, బూట్లు బయటే విడిచాడు.

"బ్యాటరీ చూడాలి సార్" అంటూ మన్సూర్ మల్టీమీటర్ ఎత్తాడు. ఎర్ర వైరు కొసనుంచి మత్తుసూది దూసుకెళ్లింది. స్టైనర్ కూలుతూ కూలుతూ ట్రిగ్గర్ నొక్కాడు. గుండు మన్సూర్‌ను తప్పి కంప్యూటర్‌లో దిగింది. తెర నల్లబడింది. ఇక లేపడానికి అలారమే లేదు.

గోడకున్న గని టెలిఫోన్ హ్యాండిల్ పిచ్చిగా తిప్పాడు మన్సూర్. లోపల చాలాసేపటికి ఎవరో ఎత్తారు.

"హలో..." గట్టయ్యే. మాట ముద్దగా ఉంది.

"కాక, మన్సూర్‌ని. గ్యాసు! అందరిని తీస్కోని జల్ది బయటికి రా!"

"మల్ల గ్యాసా?... గంట మోగలేదు గద బిడ్డా. ఇంకోపాలి ఉరుకుమంటె మావోళ్లు నన్నే తిడ్తరు. తల జర దిమ్ముగున్నది. కూసుంట కొద్దిసేపు."

"కూసోకు కాక! నీ కాల్మొక్త, కూసోకు!"

"ఊ..." ఆ గొంతు దూరమైపోతోంది.

మన్సూర్ కళ్లు గుమ్మం వైపు తిరిగాయి. తలుపు సందులోంచి నీలం వైరు కుట్టు కనిపించింది.

"కాక, సదయ్య బ్రిడ్జి కాడ సావలేదు. ఈడనే సచ్చిండు. కంప్యూటర్ రూముల. డ్యూటీల సంపిండ్రు. చెప్పులు ఈడనే ఉన్నయి. నా ముంగటనే ఉన్నయి."

ఫోన్‌లో బూట్లు నేలమీద రాసుకున్న చప్పుడు, ఎవరో లేచి నిలబడ్డట్టు. తర్వాత గట్టయ్య గొంతు, ఈసారి పాతగొంతు, గని కప్పు అదిరేలా వినిపించింది.

"అరేయ్! మనోడు సదయ్య డ్యూటీల పాయె! పని బంద్!"

పారలు నేలమీద పడుతున్న చప్పుడు మన్సూర్‌కు తీగలో వినిపించింది. ఒకటి, ఇంకొకటి, ఆ తర్వాత చాలా.

వాళ్లు పైకి వచ్చారు. గ్యాస్‌కు భయపడి కాదు, సదయ్య కోసం. తూలుతూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, పడిపోయినవాళ్లను వీపుల మీద మోసుకుంటూ వచ్చారు. చివరన గట్టయ్యను ఇద్దరు ఎత్తుకొచ్చారు. దవాఖాన జీపు ఎక్కిస్తుంటే అతను మన్సూర్ చెయ్యి వదల్లేదు.

"వాడు సచ్చి మమ్ముల బతికిచ్చిండు బిడ్డా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మన్సూర్ కూడా ఏడ్చాడు. గడ్డం ఊడిపోయినా పట్టించుకోలేదు.

సాయంత్రం చెప్పుల జతను పూలమ్మ చేతికి ఇచ్చాడు. ఆమె ఆ నీలం కుట్టును వేలితో తడిమి చూసింది. "తాగి సచ్చిండని అన్నరు సారూ. ఇయ్యాల్టి సంది ఎవ్వరు గట్ల అనరు గద?" అంది. అనరని చెప్పాడు.

ఆసియా రెండు చేతులూ చాచింది. "ఇప్పుడు నేను ఏ సగం, మన్సూర్?"

"సదయ్యను పట్టించిన సగం" అని బేడీలు వేశాడు.

వారం తర్వాత హైదరాబాద్‌లో చీఫ్ ఫైలు మూస్తూ కళ్లద్దాల పైనుంచి చూశాడు. "అంతా బాగుంది. మెలకువ వచ్చాక స్టైనర్‌ను మండుటెండలో గేటు దాకా నడిపించావట. అరికాళ్ల నిండా బొబ్బలు. వాళ్ల ఎంబసీ అడుగుతోంది, ఏం రాయమంటావు?"

"ఉన్నదే రాయండి సార్" అన్నాడు మన్సూర్. "కంప్యూటర్ రూము ముందు చెప్పులు మర్చిపోయాడు."