వీరుడి రాయి కాడ పిలుపు

గురజాల దాటినాక ఒక ఊరుంది. పేరు చెప్పను. చెప్తే, తప్పు చేసినోళ్ళే ముందు నా మీదకొస్తారు.

ఆ ఊరి పొలిమేరలో వీరుడి రాయి. ఒక చేత కత్తి, ఒక చేత డాలు, ముఖం అరిగిపోయింది. ఎప్పటి పోట్లాటలోనో దప్పికతో చచ్చినోడంట. అమ్మవారి కొలుపుల రాత్రి మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తాడంటారు. పలికామా... అంతే.

అందుకే ఆ రాత్రి పొట్టేలు నెత్తురు కలిపిన అన్నం ఊరి చుట్టూ పొలి చల్లి, ఊరిని కట్టేస్తారు. కోడి కూసేదాకా ఎవరూ దాటగూడదు, పలకగూడదు. కాపలా మగాళ్ళు కూడా రాయి వైపు వీపు పెట్టి కూర్చోవాల్సిందే.

పోయినేడు కొలుపులకి సాంబశివరావు పొలి చల్లేలోపు మిరప కల్లం నుంచి రాలా. ఇంటికున్న ఒక్క ఫోనూ రిపేరు షాపులో ఉంది. "కల్లంలోనే పడుకునుంటాడులే" అన్నారంతా. ఆయన పెళ్ళాం నాగేంద్రమ్మకి మాత్రం ముద్ద దిగలా.

డప్పులు ఆగి, ఊరు సద్దుమణిగాక—

"నాగేంద్రమ్మా..."

దిగ్గున లేచింది. తోడికోడలు కాంతమ్మ రెక్క పట్టుకుంది.

"పలకమాకక్కా! బావ నిన్నెప్పుడన్నా పేరు పెట్టి పిలిచాడా?"

నిజమే. పిలవలా. కొత్త కాపరానికొచ్చిన రోజు ఆడబిడ్డ గడపలో అడ్డం నిలబడి, పెళ్ళాం పేరు చెప్తేగాని లోపలికి రానియ్యనంది. మహా మొండి మనిషి. కాళ్ళు పీకేదాకా నిలబడ్డాడేగాని చెప్పలా. ఆడబిడ్డే తిట్టుకుంటా తప్పుకుంది. అప్పట్నుంచీ "ఏమే" తప్ప ఇంకో పిలుపు లేదు.

"నాగేంద్రమ్మా... ఓ నాగేంద్రమ్మా..."

"గొంతు ఆయనదేనే కాంతం."

"గొంతే గదక్కా వాడు ఎత్తుకొచ్చేది!"

కాంతమ్మ బయటికి పోయి తలుపుకి గొళ్ళెం పెట్టింది. "నీ మంచికే" అనుకుంటా కాపలా వాళ్ళ కాడికి పోయింది.

నాగేంద్రమ్మ చెవుల్లో కొంగు కుక్కుకుంది. అయినా వినపడతానే ఉంది. రాను రాను బొంగురుపోతా... మధ్యలో దగ్గు... తర్వాత పేరులో సగమే.

అప్పుడు తట్టింది ఆమెకి. దెయ్యానికి అలుపెందుకొస్తది?

పెరటి వెనకే పొలిమేర. పెరటి తలుపు తీసి, ముళ్ళకంప తొక్కుకుంటా బయటపడింది. చీర చిరిగింది, కాలు చీరుకుంది. పొలి మెతుకులు అరికాలికి అంటుకున్నాయి. దాటేసింది.

రాయికి ఆనుకుని ఉన్నాడు. మోకాలి కింద తువ్వాలు బిగించి... కాలు బానలా వాచి.

"రక్తపింజర... కల్లంలో... డేక్కుంటా వచ్చా..."

"ఏమే అంటే పరిగెత్తుకొచ్చేదాన్ని గదయ్యా! పేరెందుకు పెట్టావయ్యా!"

"ఏమే అంటే... ఎవరి పెళ్ళాన్నో అనుకుంటారని... నిన్నేనని తెలవాలని..."

పళ్ళ సందుల్లోంచి నెత్తురు కారతా ఉంది. లేపబోతే లేవలా. ఆమె మణికట్టు పట్టుకున్న చెయ్యి వదల్లా. అల్లంత దూరంలో కాపలా వాళ్ళ లైటు. దాని పక్కనే, కాపలాకొచ్చిన దావూద్ ఆటో. గురజాల ఆసుపత్రి ఎంతసేపు!

"కాంతమ్మా! ఓ కాంతమ్మా! దావూద్‌ని ఆటో తియ్యమనవే! మీ బావ చచ్చిపోతన్నాడే!"

ఒక్క మెడా ఇటు తిరగలా.

"అది... నాగేంద్రమ్మ గొంతు గాదూ?" ఎవరో గొణిగారు.

గాలికి కాంతమ్మ మాట తేలొచ్చింది, వణుకుతా—

"పలకమాకండి. మా అక్క ఇంట్లోనే ఉంది. గొళ్ళెం నేనే పెట్టొచ్చా."